మహారాజశ్రీ పుట్టుమచ్చ గారికి

మహారాజశ్రీ పుట్టుమచ్చ గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. తమరు కథానాయకుడి కుడి భుజం మీద, కత్తియుద్ధంలో అంగీ సరిగ్గా చిరిగే చోట, క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరి సర్వీసు చిన్నదేం కాదు. బ్లాక్ అండ్ వైట్ జానపద సినిమాల కాలం నుంచి చూస్తూనే ఉన్నాం. సేనాపతి కుట్ర పన్నుతాడు, రాజుగారు చెరసాలకి వెళ్తారు, పసివాణ్ణి బుట్టలో పెట్టి ఏట్లో వదులుతారు. ఏ గొల్లవాళ్లో, బెస్తవాళ్లో తీసుకెళ్లి పెంచుతారు. ఇరవై ఏళ్లు అన్నం పెట్టినందుకు కథలో వాళ్ల వాటా ఒక పాటలో సగం చరణం. చివరి రీల్లో భుజం మీద గుడ్డ చిరుగుతుంది, తమరు దర్శనమిస్తారు, రాణీగారు "నాయనా!" అని వాటేసుకుంటారు. అప్పటిదాకా వాణ్ణి దొంగ అని తరిమిన భటులే జై కొడతారు. మెడలో పతకం, చిన్నప్పటి జోలపాట కూడా ఈ పనే చేస్తుంటాయి గానీ, పతకాన్ని ఎత్తుకుపోవచ్చు, పాటని ఎవరైనా నేర్చుకోవచ్చు. తమరితో ఆ బెడద లేదు.

ఇలా గుర్తుపట్టించి ఊరుకుంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. తమరు క్షమాభిక్ష కూడా పెడుతున్నారు, పేచీ అక్కడే.

2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగం గుర్తుచేసుకోండి. రాత్రి, జోరున వాన. హీరో శివుడు యువరాజు భద్రుడి తల నరికేశాడు. కట్టప్ప కత్తి ఎత్తి మీదికొచ్చాడు. మొహం చూశాడు. (అక్కడ డ్యూటీలో ఉన్నది తమరు కాదు, తండ్రి పోలిక. డిపార్ట్‌మెంట్ ఒకటే కాబట్టి తమరి ఖాతాలోనే వేస్తున్నాను.) కత్తి జారిపోయింది. మోకాళ్ల మీద వచ్చి ఆ కుర్రాడి పాదం నెత్తిన పెట్టుకున్నాడు. హాల్లో విజిల్స్, నేనూ వేశాను. భద్రుడు బుద్ధిమంతుడని నేను అనడం లేదు. కానీ ఒక నిమిషం ముందు అది యువరాజు హత్య, నిమిషం తర్వాత ధర్మకార్యం. కత్తి అదే, తెగిన తల అదే. మారిందల్లా నరికినవాడి ఇంటిపేరు.

అదే కథలో కట్టప్పకీ వంశం ఉంది, పాపం. ఎవరో ముత్తాత సింహాసనానికి మాట ఇచ్చాడట. ఆ మాట కోసం, "మామా" అని పిలిచే అమరేంద్రుణ్ణి, అంటే శివుడి తండ్రిని, వెనకనుంచి పొడిచాడు. ఎందుకు చంపాడని రెండేళ్లు దేశమంతా బుర్ర బద్దలు కొట్టుకుంది. 2017లో జవాబు దొరికింది: రాజమాత శివగామి ఆజ్ఞ, దాని వెనక తాతలనాటి మాట. వంశం ఒకరికి రాజ్యం రాసిస్తే ఇంకొకరికి అప్పు రాసిచ్చింది. రాజ్యం వచ్చినవాడికే తమరు కనిపిస్తారు, అప్పు వచ్చినవాడి ఒంటి మీద ఎవరు వెతుకుతారు లెండి!

ఇంగ్లండులో తమకొక చుట్టం ఉన్నాడు, హ్యారీ పాటర్ నుదుటి మీద మెరుపు మచ్చ. పుట్టుకతో వచ్చినవాడు కాదు, తల్లి ప్రాణం అడ్డుపెట్టిన రాత్రి వచ్చినవాడు. ఆ లోకంలో చిత్రహింస పెట్టే క్రూషియాటస్ శాపం సాటి మనిషి మీద వాడితే యావజ్జీవ శిక్ష. 2007లో వచ్చిన చివరి పుస్తకంలో, టీచరమ్మ మెక్‌గోనగల్ మొహాన ఉమ్మినవాడి మీద హ్యారీ దాన్నే వాడాడు. రూలు తప్పితే చీల్చి చెండాడే ఆ మేడమ్, ముందు తెలివితక్కువ పని అన్నా, వెంటనే వీరోచితమైన పని చేశావంది. అదే శాపం విలన్ పక్షంలోని బెల్లాట్రిక్స్ వాడినప్పుడు మాత్రం మనం వణికిపోయాం.

అయితే ఆ కథలో ఒకచోట తమరి పప్పులు ఉడకలేదు. తండ్రి ఎంత గొప్పవాడో అందరూ చెబుతుంటే విని పెరిగిన పిల్లాడు, తన మాస్టారు స్నేప్ జ్ఞాపకంలోకి దూరి, అదే తండ్రి బడిలో కుర్రాడైన ఆ స్నేప్‌ని తలకిందులుగా వేలాడదీసి ఏడిపించడం కళ్లారా చూశాడు. "అప్పుడు వాడికి పదిహేనేళ్లేరా" అని తండ్రి స్నేహితులు సర్దిచెప్పబోతే, "నాకూ పదిహేనే" అన్నాడు. నుదుటి మీద ఎన్ని మెరుపులున్నా ఆ మాటకి అవి అడ్డురాలేదు. అంత పెద్ద సిరీస్‌లో నాకు బాగా నచ్చిన చోటు అది.

తమరి అవసరమే పడనివాడు మన తోటరాముడు. 1951, 'పాతాళ భైరవి'. తోటమాలి కొడుకు, ఒళ్లంతా వెతికినా రాజముద్ర దొరకదు. రాముడేమీ ముత్యం కాదు. తనను బలి ఇవ్వబోయిన నేపాళ మాంత్రికుణ్ణే అమ్మవారికి బలి ఇచ్చి, ఆ వరంతో మేడ కట్టించి, రాజకుమారిని అడిగాడు. కానీ ఆ లెక్క అక్కడితో మూసెయ్యలేదు. మాంత్రికుడు బతికి లేచొచ్చి మేడనీ రాజకుమారినీ మాయం చేశాడు. "వీడు ఫలానా వారి అబ్బాయి" అని చెప్పి గట్టెక్కించే మచ్చ లేదు కాబట్టి రాముడే వెళ్లి తేల్చుకోవలసి వచ్చింది.

ఇక బాలవర్ధిరాజు సంగతి. తల్లి బాలనాగమ్మని ఎత్తుకుపోయిన మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. కాలు విరిస్తే ఫకీరు కాలు విరిగింది, రెక్క విరిస్తే చెయ్యి విరిగింది, చివరికి మెడ. బుర్రకథలో తాళం మోగుతుంటే జనం ఊగిపోయేవాళ్లు. చిలక చేసిన తప్పేమిటంటే, ఫకీరు తన ప్రాణం దాచుకోవడానికి దాన్ని ఎంచుకోవడం. ఏ అమ్మకి కొడుకు అన్నది తెలిశాక చిలక గొడవ ఎవరికి కావాలి?

మాబోటివాళ్లకి మాత్రం తమరు చేసిన ఉపకారం పదో తరగతి సర్టిఫికెట్లో రెండు లైన్లు. ఫారాలు నింపే రోజున క్లాస్ టీచర్ ఒక్కొక్కణ్ణీ కిటికీ వెలుతురులో నిలబెట్టి మెడా చేతులూ తిప్పి చూసేవారు. ఒకటి దొరికితే రెండోది దొరికేది కాదు. మా బెంచీలో ఒకడికి రెండోది ఎంతకీ దొరక్క, సైకిల్ మీంచి పడ్డ దెబ్బ తాలూకు మచ్చని రాసి పంపేశారు. అదీ చెల్లింది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, తమరు మానేయనక్కర్లేదు, ఎటూ మానరు. చివరి రీల్లో ఒక్క అర నిమిషం ఆలస్యంగా బయటపడండి చాలు. అంగీ చిరిగి, రాణీగారు చేతులు చాచేలోపు ఆవిడ్ని ఒక్క ప్రశ్న అడగనివ్వండి: "ఇంతకీ ఆ చిలకని ఎందుకు చంపావు నాయనా?"

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(1. మెడ మీద ఎడమవైపు ఒకటి. 2. కుడి మోచేతి కింద ఒకటి.)