మూడున్నర శ్రుతి వాళ్ళు

బరంపురంలో ఎవరైనా మిమ్మల్ని "ఇప్పుడేం వింటున్నారండీ?" అని అడిగితే తొందరపడి జవాబు చెప్పకండి. అది కుశలప్రశ్న కాదు, ప్రవేశ పరీక్ష. "ఏముందండీ, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల" అన్నారో, ఎదుటాయన ముఖంలో జాలి చూస్తారు. అయిదు ఎల్పీలుగా వచ్చి, తర్వాత క్యాసెట్లయి, ఊరూరా గుళ్ళ మీద మోగినదాన్ని వినడం కూడా ఒక వినడమేనా! సరైన జవాబు ఇలా ఉంటుంది: "ఒక పెళ్ళి కచేరీ అండి. పర్లాకిమిడిలోది. మధ్యలో వంటాయన గరిట కోసం కేకలేస్తాడు గానీ, ఆ భైరవి ఉంది చూశారూ..." ఇక్కడ ఆగి, కళ్ళు మూసుకుని, తల రెండుసార్లు అడ్డంగా ఊపాలి. భైరవి రాగం ఎలా ఉందో మాత్రం చెప్పకూడదు. చెప్పబోతే అక్కడిదాకా వినలేదని తేలిపోతుంది.

మన వైపు రసికత ఈ స్థాయికి రావడం ఊరికే జరగలేదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో పుట్టింది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936లో ఆ కుర్చీలోకి వయొలిను విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వచ్చారు. అదే ఏడు ఏప్రిల్‌లో మన బరంపురం ఉన్న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోంచి లేచి ఒడిశాలో కూర్చుంది. అప్పట్నుంచి మనకూ విజయనగరానికీ మధ్య ఒక సరిహద్దు, మూడు నాలుగు గంటల రైలు. ఆ రైలెక్కి కచేరీకి పోవడం కంటే, పోయినవాడు ఎక్కించుకొచ్చిన క్యాసెట్టు గురించి మాట్లాడుకోవడం తేలిక. టిక్కెట్టు కూడా అక్కర్లేదు.

కాబట్టి ఈ వ్యాసం ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. అరుదైన రికార్డింగులు సిఫారసు చేసి పట్టుబడకుండా ఉండటానికి కావలసిన కనీస పరిజ్ఞానం అందించడానికి. ఈమధ్య పట్టుబడేవాళ్ళు ఎక్కువైపోయారు మరి.

మొదటి గండం తేదీ. "ద్వారం వారి 1967 కచేరీ" అని పంపేముందు ఆయన 1964లోనే కాలం చేశారని గుర్తుంచుకోవాలి. "విజయవాడ రేడియో, 1946" అని రాసేముందు ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైందని తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడైనా ఉంటాడని భయపడాలి. అనుభవజ్ఞులు "అరవైల నాటిది" అని వదిలేస్తారు. అరవైలు చాలా విశాలమైనవి, ఎవరినైనా పడుకోబెట్టవచ్చు. అలాగే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను ప్లేటు అని చెప్పి 11 నిమిషాల కాంభోజి రాగం పంపకండి. పది అంగుళాల ప్లేటు పక్కకి మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొన్ని సెకన్లు. పన్నెండు అంగుళాలది నాలుగున్నర దాకా లాగుతుంది. పల్లవి, అనుపల్లవి, చరణం అందులోనే ఇరికించాలి గనక ఆనాటి వాళ్ళు పరిగెత్తారు. దాన్ని పట్టుకుని "ఆహా, ఆ కాలపు కాలప్రమాణం" అని వ్యాఖ్య రాసేవాళ్ళున్నారు. అది లక్క ప్లేటు ప్రమాణం.

1902లో కలకత్తాలో ప్లేటుకి పాడుతూ గాయని గౌహర్ జాన్ పాట చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పుకుంది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో, హనోవర్‌లో. పాట ఎవరిదో అక్కడివాళ్ళకి తెలియాలి కదా. ఇప్పుడు ఆ ఇబ్బంది తీరింది. పాడినవారి పేరు ఎలాగూ తెలియదు, ఫైలు మొదట్లో పంపినాయన తన పేరు చెప్పుకుంటున్నాడు.

రెండోది శ్రుతి, అంటే పాడేవారు ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి. సిఫారసులో శ్రుతి చెప్పకపోతే ఎవరూ లెక్కచేయరు, తప్పు చెబితే ఎవరూ మరిచిపోరు. హార్మోనియం మీద తెల్ల మెట్టుకి నిండు అంకె, నల్లదానికి అర: ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, ఆ తర్వాత నాలుగు. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు. అయినా "మూడున్నర శ్రుతిలో ఎంత నిండుగా ఉందో వినండి" అని ఒక పెద్దాయన సెలవిస్తే, ఊళ్ళో సంగీతం నేర్చుకున్న పిల్లలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటారు. పిల్లలు తొందరపడుతున్నారని నా అభిప్రాయం. మూడున్నర శ్రుతి ఉంది. హార్మోనియంలో లేదు గానీ టేపురికార్డరులో ఉంది.

క్యాసెట్టు టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు కదలాలి. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక మెట్టు ఎక్కుతుంది, ఒకటి కాస్తా ఒకటిన్నర అవుతుంది. 3 శాతమే పెరిగితే సగం మెట్టు, అంటే మూడులో పాడినాయన సరిగ్గా మూడుకీ నాలుగుకీ నడుమ వేలాడతాడు. ఇలా ఎందుకవుతుందంటే, ఎక్కువసార్లు బ్యాటరీల వల్ల. పల్లెటూరి పందిట్లో కరెంటు నమ్మలేక బ్యాటరీల మీద ఎక్కిస్తారు. గంట గడిచేసరికి అవి నీరసపడి మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా ఎక్కినదాన్ని ఇంట్లో మామూలు వేగంతో వేస్తే పాట పైకి లేస్తుంది. అందుకే వర్ణం ఒకటి శ్రుతిలో మొదలై మంగళం రెండు శ్రుతిలో ముగిసే కచేరీలు మన దగ్గర ఇన్ని ఉన్నాయి. "వయసు మీదపడ్డా కచేరీ సాగే కొద్దీ ఆయన గొంతు ఎలా విచ్చుకుందో చూడండి" అంటారు. వయొలిను, మృదంగం, తంబూరా, ఆఖరికి ప్రేక్షకుల దగ్గు కూడా విచ్చుకుంది. అది గమనించినవాణ్ణి శుష్క పండితుడంటారు.

వేగం సరిగ్గా ఉందో లేదో పట్టుకోవడానికి ఒక నమ్మకస్తుడైన సాక్షి ఉన్నాడు. ఆ వెనక సన్నగా "ఊఁ" అంటుందే, ఆ కరెంటు రొద. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు. శబ్దంలో ఏ కంపనాలున్నాయో చూపే స్పెక్ట్రం యాప్ ఫోనులో ఉచితంగా దొరుకుతుంది, పెట్టి చూడండి, 50 దగ్గర కనబడకపోతే 100 దగ్గర వెతకండి. రొద 53 దగ్గర ఉంటే టేపు 6 శాతం తొందరలో ఉన్నట్టు. ముందు టేపు ఆపి చూడాలి సుమా. అప్పుడూ రొద వస్తుంటే అది మీ ఇంటిది, కచేరీది కాదు. ఒకటి శ్రుతి గాయకుడికి మంద్ర పంచమం, అంటే కింది స్థాయి 'ప', సెకనుకి 98 కంపనాలు, ఈ రొద 100. అంటే కరెంటు వాళ్ళే వెనక కూర్చుని తంబూరా మీటుతున్నారన్నమాట, కాస్త హెచ్చు శ్రుతిలో.

ఇక్కడే మన సరిహద్దు అడ్డం వస్తుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో కలిసేదాకా దక్షిణాది కరెంటు గ్రిడ్డు వేరు, ఒడిశా ఉన్న మనది వేరు. తొంభైల్లో వాళ్ళకి కొరత, కరెంటు 50 కిందికి దిగేది. మనకి మిగులు, 50 పైకి పోయేది. కాబట్టి విజయనగరంలో ఎక్కించిన క్యాసెట్టులో రొద 48.5 ఉంటే టేపుని తిట్టకండి, ఆ సాయంత్రం కరెంటుకే ఓపిక లేకపోవచ్చు. సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటితే శ్రుతి మారుతుంది. అందుకని రెండో సాక్షిని కూడా పిలవాలి. సీ-90 క్యాసెట్టు పక్కకి 45 నిమిషాలు, సాధారణంగా మరో నిమిషం అదనంగానే ఉంటుంది. మీ యంత్రంలో అది 42న్నరకే అయిపోతే తప్పు యంత్రానిదే.

పక్క మార్చడం గురించి రెండు మాటలు. 45వ నిమిషంలో టేపు తిప్పేలోగా పది ఇరవై సెకన్లు పోతాయి. గాయకుడు జీవితంలో పాట వరుసని కొత్తగా తిప్పి వేసిన గొప్ప సంగతి ఆ ఇరవై సెకన్లలోనే ఉంటుంది. ఇది ఎవరూ కాదనలేని సిఫారసు, నిర్భయంగా వాడుకోండి. ఇక గాయకుడు అందుకోకముందే ఒకటిన్నర, మూడు సెకన్ల ముందు అదే మాట లీలగా వినబడితే, అది వెనక కూర్చున్న శిష్యుడు కాదు. ఏళ్ళ తరబడి చుట్టిన టేపులో ఒక పొర పాట పక్క పొరకి అంటుకుంటుంది. సీ-120 లాంటి పల్చటి టేపుల్లో మరీను. వేసేముందు ఆ చివరికీ ఈ చివరికీ రెండు మూడుసార్లు చుడితే కొంత తగ్గుతుంది. గురువు కంటే ముందే పాడే శిష్యుడు ఎక్కడుంటాడండీ అని అడిగితే, "అదే మరి ఆ పరంపర గొప్పతనం" అన్నవారిని నేనెరుగుదును.

కంప్యూటరులోకి ఎక్కించడానికి టేపురికార్డరు లైన్ అవుట్ నుంచి ఒక వైరు చాలు. కానీ మనవాళ్ళు స్పీకరు ముందు ఫోను బోర్లా పెట్టి, ఫ్యాను ఆపి, ఇంట్లోవాళ్ళని మాట్లాడొద్దంటారు. ఇంట్లోవాళ్ళు వింటారు. పక్కింటి ఒడియా పెద్దాయన వినడు. ఆయనకి పొద్దున్నే కవిసూర్య బలదేవ రథ్ అనే ఒడియా కవి రాసిన చంపూ పాడుకోవడం అలవాటు. క నుంచి క్ష దాకా అక్షరానికొక పాట, మొత్తం 34. గొంతు ఖంగుమంటుంది. మనవాళ్ళు లేచి కిటికీ మూసి వస్తారు.

రొద తీసేసే సాఫ్టువేరు గురించి జాగ్రత్త. పాట లేని చోట ఒక ముక్క చూపించి "ఇది రొద" అని దానికి నేర్పాలి. పాట లేని చోట తంబూరా ఉంటుంది. అది కూడా రొదలాగే ఆగకుండా, మారకుండా మోగుతుంది గనక సాఫ్టువేరు రెంటినీ కలిపి ఊడ్చేస్తుంది. మిగిలిన గొంతు నీళ్ళ బిందెలోంచి వచ్చినట్టుంటుంది. తంబూరా మొదలవకముందు, మైకు పెట్టాక ఉన్న సెకనో రెండు సెకన్లో చూపించాలి, అదీ సగం మోతాదులో. 64 కేబీపీఎస్ ఫైలుని 320కి మార్చి "హై క్వాలిటీ" అని పంపేవాళ్ళకి మాత్రం చెప్పేదేం లేదు. అర లీటరు మజ్జిగలో రెండు లీటర్ల నీళ్ళు పోస్తే రెండున్నర లీటర్లవుతుంది, నిజమే.

ఈ జ్ఞానమంతా మన రసికులకి చేరే అవకాశం ఒక్కసారి వచ్చింది. పర్లాకిమిడి పెళ్ళి కచేరీ క్యాసెట్టు, దాన్ని వేసే యంత్రం రెండూ పట్టుకుని నలుగురు పెద్దలు గేటు బజారు వైపు సందులో ఒక రిపేరు కుర్రవాడి దగ్గరికి వెళ్ళారు. పాత బెల్టు సాగి వేగం తగ్గినప్పుడు ఎవరో మోటారు వెనక కంతలో ఉన్న బుల్లి స్క్రూ తిప్పి సర్దారు. తర్వాత కొత్త బెల్టు వేసినప్పుడు స్క్రూ వెనక్కి తిప్పడం మరిచారు. అంటే యంత్రం ఏళ్ళుగా పరుగులోనే ఉంది. కుర్రవాడు హెడ్డుని స్పిరిట్ దూదితో తుడిచి, తేమ ఆరనిచ్చి, పక్కనున్న చిన్న స్క్రూని తంబూరా జీవాళి, ఆ జుమ్మనే నాదం, స్పష్టంగా వినబడేదాకా అటూ ఇటూ కదిపాడు. మోటారు వేగం సరిచూడటానికి వేగం కచ్చితంగా తెలిసిన క్యాసెట్టు ఒకటి కావాలన్నాడు. సీడీతో పోల్చి చూడదగ్గది, కంపెనీ వేసింది. పెద్దల సంచుల్లో అలాంటిది లేదు. కుర్రవాడే పక్క కొట్టులోంచి బాలాజీ పంచరత్నమాల తెచ్చి, ఫోనులో అదే పాట పెట్టి, రెండూ కలిసేదాకా స్క్రూ తిప్పాడు. పావు తిప్పు. ఆ తర్వాత పెళ్ళి కచేరీ వేస్తే విద్వాంసుడి గొంతు దిగి, వయసు ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు పెరిగింది.

పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు. ఇది ఆయన గొంతు కాదన్నారు ఒకరు. నకలై ఉంటుందన్నారు ఇంకొకరు. పాత ఫైలే ప్రామాణికమని, ఇది ఎవరికీ పంపకూడదని అక్కడికక్కడే తీర్మానమైంది. కుర్రవాడు మాత్రం బెల్టు నిలకడ చూడటానికి రెండు పక్కలూ పూర్తిగా వేశాడు. తొంభై నిమిషాలూ కుట్టు మిషనుకి మోటారు బిగించుకుంటూ విన్నాడు. సాయంత్రం పెద్దలు యంత్రం తీసుకోవడానికి వెళ్ళినప్పుడు అడిగాడు: "మాస్టారూ, రెండో పక్క చివర్లో మృదంగం ఆగిపోయాక, ఆ ముసలాయన ఒక్కడే మెల్లగా పాడాడు కదా, అదేం పాటండీ? భలే ఉంది."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకాయన గొంతు సవరించుకుని, అది ఏ సంవత్సరానిదో కనుక్కుని చెబుతామన్నారు.