వేలిముద్రకు ముందు అర్థం చెప్పండి

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ప్రభుత్వ పథకం కింద ఇల్లు కట్టుకుంటున్న ఎవరిని పలకరించినా మొదట వచ్చే మాట ‘బిల్లు పడలేదు’. మగవాళ్లు చెన్నైకో హైదరాబాద్‌కో వలస పోతే మేస్త్రీతో బేరం నుంచి సిమెంటు బస్తాల లెక్క దాకా ఆడవాళ్లే చూసుకుంటున్నారు. పునాది పూర్తయ్యాక ఇల్లాలిని అక్కడే నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీస్తారు. ఫొటోతో పాటు ఆ స్థలం ఎక్కడుందో కూడా నమోదవుతుంది. జియో ట్యాగింగ్ అంటే ఇదే. అది కాకపోతే డబ్బు రాదని ఆమెకు ముందుగా చెప్పేవాళ్లు ఉండరు. ‘ఏ స్టేజీలో ఉందమ్మా?’ అంటే ‘గోడలు లేచాయి బాబూ’ అంటుంది. రికార్డులో మాత్రం బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, రూఫ్ కాస్ట్ అని ఉంటుంది. పునాది పూర్తయితే బేస్‌మెంట్ లెవెల్, స్లాబు ఎత్తుకు గోడలు లేస్తే రూఫ్ లెవెల్, స్లాబు పోస్తే రూఫ్ కాస్ట్. ఇంత చిన్న సంగతి తెలియక గ్రామ సచివాలయం చుట్టూ తిరిగి కూలి పోగొట్టుకుంటున్నారు. ఇది మాకు బాధ కలిగిస్తోంది.

ఈడబ్ల్యూఎస్, అంటే ఆర్థికంగా వెనుకబడిన వర్గం అనే మాట ఇంకా ఎక్కువ తికమక పెడుతోంది. అది ఓసీల రిజర్వేషన్ సర్టిఫికెట్ అనుకుని, మనకు కాదులే అని వెనక్కి తగ్గే బీసీ, ఎస్సీ కుటుంబాలు ఉన్నాయి. ఇళ్ల పథకంలో దానికి కులంతో పని లేదు. పట్టణాల ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్, 3 నుంచి 6 లక్షలైతే ఎల్ఐజీ, అంటే తక్కువ ఆదాయ వర్గం. రిజర్వేషన్‌కు పెట్టిన 8 లక్షల పరిమితి వేరు.

ఇళ్ల కాగితాల్లో కనిపించే మరో మాట కార్పెట్ ఏరియా. అంటే, ఇంచుమించుగా, ఇంట్లో చాప పరుచుకోగల జాగా. ఇళ్లు, స్థలాల అమ్మకాలను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం లోపలి అడ్డుగోడలు ఇందులో కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. కాగితంలో 30 చదరపు మీటర్లని ఉంటే దాదాపు 323 చదరపు అడుగులని అర్థం. మనవాళ్లకు సెంటు తెలుసు, గజం తెలుసు. సెంటుకు 48.4 గజాలని నోటి లెక్క చెప్పగలరు. వాళ్ల చేతికి చదరపు మీటర్లు రాసిన కాగితం ఎందుకు?

అన్నిటికన్నా ప్రమాదం సబ్సిడీకి, అప్పుకు తేడా తెలియకపోవడం. వడ్డీ రాయితీ చేతికొచ్చే డబ్బు కాదు, లోన్ ఖాతాలోకి పోతుంది. మిగతా అసలు, వడ్డీ మనమే కట్టాలి. పట్టణ పేదలకు ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లలో 365, 430 చదరపు అడుగుల వాటికి లబ్ధిదారు వాటాతో పాటు బ్యాంకు రుణం కూడా పెట్టారు. ‘గవర్నమెంట్ ఇల్లే కదా’ అని సంతకం పెట్టేసిన వాళ్లకు కిస్తీ మాట వినగానే టెన్షన్ మొదలైంది. తప్పు వాళ్లది కాదు, చదివి వినిపించని వాళ్లది.

అధికారులను మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వేలిముద్ర వేయించే ముందు ఎంత ఉచితమో, ఎంత అప్పో తెలుగులో చదివి వినిపించాలి. సచివాలయం గోడ మీది జాబితాలో పేరు పక్కనే తర్వాతి బిల్లు ఎంత, ఏ పని అయ్యాక పడుతుందో రాయాలి. చెన్నైలో ఉన్న భర్తకు ఆమె ఫోన్‌లో చదివి చెప్పగలిగేలా రాయాలి.