సెషన్ ముగిసింది సరే, దరఖాస్తు ఎందుకు పారేశారు?

స్కాలర్‌షిప్ దరఖాస్తు, నాలుగో పేజీ. టెన్త్ మెమోలో ఉన్నట్టే పొల్లుపోకుండా పేరు కొట్టి, ఫోటోను వాళ్లడిగినన్ని కేబీలకు కుదించి, ఆదాయ ధ్రువపత్రం నంబరు కోసం బీరువా అంతా వెతికొచ్చి సబ్మిట్ నొక్కితే ‘యువర్ సెషన్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్’. అంటే లాగిన్ అయి ఉన్న గడువు తీరిపోయిందన్నమాట. మళ్లీ లాగిన్, మళ్లీ మొదటి పేజీ, ఖాళీ గళ్లు. సెక్యూరిటీ కోసం తప్పదులే అని సర్దుకుపోతున్నాం. దీనికి సెక్యూరిటీతో సంబంధం లేదు, ఇది వట్టి బద్ధకం.

సబ్మిట్ నొక్కాక లోపల జరిగేది చూడండి. మీరు నింపినదంతా సర్వర్‌కు చేరుతుంది. అవును, చేరుతుంది! వెంట వచ్చిన కుకీకి (మీరు లాగిన్ అయ్యారని చెప్పే చిన్న గుర్తుకు) గడువు దాటిందని చూసి, సర్వర్ 302, అంటే ‘ఇంకో పేజీకి వెళ్లు’ అని జవాబిచ్చి మిమ్మల్ని లాగిన్ పేజీకి తోలేస్తుంది. బ్రౌజర్ ఆ పేజీని మామూలు గెట్ రిక్వెస్టుతో, అంటే పేజీ చూపమని మాత్రమే అడిగి తెరుస్తుంది, సబ్మిట్ నొక్కినప్పుడు పోస్ట్ రిక్వెస్టులో మోసుకెళ్లిన వివరాలు దారిలోనే రాలిపోతాయి. ఐడీ కార్డు గడువు తీరిందని చెప్పిన గుమాస్తా, కార్డు మార్చుకు రమ్మంటే సరిపోయేది. చేతికందిన దరఖాస్తునూ చించేశాడు.

ఇంతకీ ఆ గడువు ఎవరు పెట్టారు? బాగా ఆలోచించే పెట్టి ఉంటారని నాకు నమ్మకం లేదు. సైట్లు కట్టే, నడిపే సాఫ్ట్‌వేర్లలో ముందే ఉండే అంకెను అలాగే వదిలేసి ఉంటారు. పీహెచ్‌పీలో డిఫాల్ట్ 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో 20, టామ్‌క్యాట్‌లో 30. జాంగోలో ఏకంగా రెండు వారాలు. దరఖాస్తు ఎంత పొడవుందో, నింపేది ఎవరో ఈ అంకెలకు తెలియదు.

నెట్ సెంటర్లో లాగౌట్ చేయకుండా లేచిపోయేవాళ్లుంటారు, పక్కవాడికి ఖాతా దొరికిపోతుంది అంటారు సెక్యూరిటీవాళ్లు. నిజమే. విలువైన లావాదేవీలకు రెండు నుంచి ఐదు నిమిషాలు, రిస్కు తక్కువున్న వాటికి 15 నుంచి 30 నిమిషాలు అని వెబ్ భద్రత సంస్థ ఓవాస్ప్ కూడా చెబుతుంది. గడువు ఉండాల్సిందే, వద్దన్నదెవరు? తాళం వేయమన్నారు గానీ, లోపలి సామాను బయట పారేయమనలేదు కదా.

పరిష్కారం బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక్కో పేజీ నిండుతుండగానే డ్రాఫ్టును ఆ ఖాతా కింద సర్వర్‌లోనే దాచాలి. బ్రౌజర్‌లో దాస్తే నెట్ సెంటర్లో మీ తర్వాత కూర్చున్నవాడి చేతికి మీ ఆధార్ నంబరు చిక్కుతుంది. సెషన్ పోయాక వచ్చిన రిక్వెస్టుకు 401 (‘ముందు లాగిన్ అవ్వండి’) చెప్పి, పేజీని కప్పేస్తూ లాగిన్ పెట్టె చూపాలి. మళ్లీ లాగిన్ అయింది ఆ మనిషేనని రూఢి చేసుకుని, ఫారం ఈ సైటు నుంచే వచ్చిందని రుజువు చేసే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ కొత్తది ఇచ్చి, ఆగిన చోటి నుంచే పని సాగనివ్వాలి. టోకెన్ సంగతి మరిచిపోతే లారావెల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సైట్లలో ‘పేజ్ ఎక్స్‌పైర్డ్’ అంటూ 419 ఎర్రర్ ఎదురొస్తుంది.

నియమాలు లేకనా? గడువును ఆపుకునే, ముందే పెంచుకునే వీలు లేకపోతే, అది ముగిసే ముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలని వెబ్‌సైట్లు వికలాంగులకూ అందుబాటులో ఉండాలని రాసిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2008 నుంచీ చెబుతోంది. అది ‘ఏ’ స్థాయి, అంటే కనీస మర్యాద. మళ్లీ లాగిన్ అయ్యాక డేటా పోకూడదన్న నియమం మాత్రం అన్నిటికన్నా పై స్థాయి ‘ట్రిపుల్ ఏ’లో ఉంది. మన ప్రభుత్వ సైట్ల మార్గదర్శకాలు ‘డబుల్ ఏ’ దగ్గరే ఆగిపోయాయి. అడిగేవాడు లేడు కాబట్టి చేసేవాడూ లేడు.

అసలు జబ్బు ఇదీ: మన డిజిటల్ పాలన లెక్కల్లో పౌరుడి సమయానికి ఖరీదు లేదు. ఆఫీసు చుట్టూ తిప్పుకునే పాత అలవాటే స్క్రీన్ మీదకొచ్చింది. దెబ్బ ముందు తగిలేది తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ వాడేవారికి, ఒంటివేలితో ఫోన్లో టైప్ చేసే పెద్దవాళ్లకు, కూలి పోగొట్టుకుని నెట్ సెంటర్‌కు వచ్చినవారికి. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు ఈ-కేవైసీ దగ్గర ఆగిపోయి కోర్టుకెక్కితే వచ్చిన తీర్పది. అందుబాటు అంటే పేజీ తెరుచుకోవడం ఒక్కటే అనుకుంటున్నారు మన ఐటీ శాఖలు.

వచ్చే టెండర్లో ఒక షరతు చేర్చండి. దరఖాస్తు సగం నింపి, గడువు తీరేదాకా వదిలేసి, తిరిగి లాగిన్ అయి చూడాలి. తండ్రి పేరు గడిలో అలాగే ఉంటేనే కాంట్రాక్టరు బిల్లు పాస్ కావాలి.