కింద పడ్డదా, బిడ్డా? (బ్రౌజరుకు ఒక బహిరంగ లేఖ)

బ్రౌజరు గారికి,

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి సందులోంచి ఒక నెట్ సెంటర్ వాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. కానీ కుశలం ప్రస్తుతానికి మీ ఒక్క వైపే ఉంది. పదిహేనేళ్లుగా రోజుకు పన్నెండు గంటలు మీ మొహమే చూస్తున్నాను. మా ఆవిడ మొహం అంతసేపు చూసి ఉంటే సంసారం ఇంకోలా ఉండేదని ఆమే అంటుంది. ఆ చనువుతో 'మీరు' వదిలేసి 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు. నన్ను అడగకుండా నా షాపంతా సర్దేసినప్పుడు నువ్వూ పెద్ద మర్యాదలేమీ పాటించలేదు.

షాపంటే పెద్దదేం కాదు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, ఒక లామినేషన్ మిషన్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పహాణీలు తీస్తాను. పాన్ కార్డులు, రైలు టికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లకు దరఖాస్తులు, 'దోస్త్'లో డిగ్రీ సీట్లకు ఆప్షన్లు, పరీక్షల సీజన్‌లో హాల్ టికెట్లు. కనగల్లు, తిప్పర్తి, మునుగోడు వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంటర్నెట్ అంటే నేనే. నాకేమో ఇంటర్నెట్ అంటే నువ్వు. నీకు జలుబు చేస్తే నేను తుమ్ముతాను, నేను తుమ్మితే వాళ్ల బస్సు పోతుంది.

ఒక సోమవారం పొద్దున షట్టర్ లేపి, దేవుడి పటానికి అగరుబత్తి చూపించి, నిన్ను తెరిచాను. ఎవరో కొత్తవాడు కూర్చున్నాడు అక్కడ. 'సరికొత్త రూపానికి స్వాగతం' అని ఒక ట్యాబు దానంతట అదే తెరుచుకుంది. రంగు కాగితాలు ఎగురుతున్నాయి. పెళ్లి ఎవరిదో, పిలిచింది ఎవరో తెలియలేదు. నా పాత ట్యాబులు పేజీకి అంటుకుని ఉండేవి, ఆఫీసు ఫైళ్లకు పెట్టే చీటీల్లా. ఇప్పుడవి పైన విడివిడిగా తేలుతున్నాయి, మందుల షాపులో గొట్టం మాత్రల్లా. మూలలన్నీ గుండ్రంగా అరగదీశావు. ఒక్క మాట చెప్పు: పదిహేనేళ్లలో నీ మూల తగిలి ఎవరి మోకాలైనా పగిలిందా?

సరే, గుండ్రంతో బతకొచ్చు. అసలు బాధ వేరే ఉంది.

నీ అడుగున ఒక పట్టీ ఉండేది. ఏ ఫైలు డౌన్‌లోడ్ చేసినా టప్పున వచ్చి అక్కడ పడేది. పేరు కనిపించేది. దాని మీద నొక్కితే తెరుచుకునేది, కంట్రోల్ పీ కొడితే ప్రింటు. అటు చూడకుండా, జిరాక్స్ మిషన్‌లో కాగితాలు సర్దుతూ కూడా ఆ పని చేసేవాణ్ని. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లకు కూడా ఆ పట్టీ తెలుసు. కనగల్లు నుంచి ఒక పెద్దామె వస్తుంది, మనవడి కాలేజీ కాగితాల కోసం. చదువు రాదు. కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెడ చాచి స్క్రీన్ అడుగుకేసి చూస్తూ నిలబడుతుంది. అక్కడ ఏదో వచ్చి పడగానే 'ఆ, పడ్డది పడ్డది' అంటూ కొంగు ముడి విప్పి పది రూపాయలు తీస్తుంది. ఆలస్యమైతే 'కింద పడ్డదా, బిడ్డా?' అని అడుగుతుంది. అక్షరం రాని మనిషికి కూడా ఎవరూ చెప్పకుండానే అర్థమైందంటే, దాన్ని గీసినవాడి చేతికి దండం పెట్టాలి. నువ్వు దండం పెట్టలేదు, దాన్నే పీకేశావు.

పీకేసి, పైన కుడి వైపు మూలకు ఒక చిన్న బాణం పెట్టావు. ఫైలు వస్తుంటే బాణం చుట్టూ ఒక సున్నా తిరుగుతుంది. పూర్తవగానే ఒక చీటీ జారి నాలుగు క్షణాలు కనిపించి లోపలికి పోతుంది. ఆ నాలుగు క్షణాల్లో నేను చిల్లర లెక్కపెడుతూ ఉంటానని నీకెందుకు తెలుస్తుందిలే. కాసేపటికి ఆ బాణం కూడా ఉండదు. పండక్కి వచ్చిన అల్లుడైనా ఇంకో పూట ఉంటాడు.

ఆ సోమవారమే ఇంటర్ హాల్ టికెట్లు వచ్చాయి. షాపు ముందు పద్నాలుగు మంది. మొదటి పిల్లాడిది డౌన్‌లోడ్ నొక్కాను. కింద చూశాను. ఏమీ పడలేదు. నెట్ స్లో ఉందేమో అనుకుని మళ్లీ నొక్కాను. పడలేదు. సైటు బిజీ ఏమో అని ఇంకో ఐదుసార్లు. 'అన్నా, టైం అవుతుంది' అని వెనక నుంచి ఒకడు. అప్పుడు ఫోల్డర్ తెరిచి చూస్తే ఒకే పిల్లాడి హాల్ టికెట్ ఏడు కాపీలు. మొదటిదానికి నంబరు లేదు, మిగతావాటికి పేరు చివర ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు. రేషన్ షాపు ముందు చెప్పులు పెట్టి పోయినట్టు వరుసగా కూర్చున్నాయి. తర్వాత వచ్చిన అమ్మాయిదీ అదే ఫైలు పేరు, కాబట్టి ఆమె ఏడో నంబరు. ఆ తర్వాతి కుర్రాడు ఎనిమిదా, తొమ్మిదా? నాకు తెలియదు, నీకు తెలిసినా చెప్పవు. ఏదో ఒకటి ప్రింటు తీసి చేతిలో పెట్టాను. వాడు బస్టాండు దాకా పోయి పరుగున తిరిగొచ్చాడు. హాల్ టికెట్ మీద ఫొటోలో రెండు జడల అమ్మాయి. వాడికేమో అప్పుడప్పుడే మీసం వస్తోంది.

'అన్నా, గీ ఫొటోతోని లోపలికి రానిస్తరా?' అన్నాడు పాపం, నిజంగానే అడిగాడు.

నీ మెనూ సంగతి కూడా చెప్పాలి. మొదట్లో మూడు గీతలుండేవి. ఆ గుర్తును 1981లో జిరాక్స్ స్టార్ అనే కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీశాడట. జిరాక్స్ వాళ్లదే అని తెలిసిన రోజు నా వృత్తి మీద నాకే కోపం వచ్చింది. ఆ మూడు గీతలు అరిగి మూడు చుక్కలయ్యాయి. రేపు ఒక చుక్క చేస్తావు, ఎల్లుండి అదీ తీసేసి ఉందనుకొని నొక్కమంటావు. ఆ చుక్కల్లో ఒక జాబితా, జాబితాలో ఇంకో జాబితా. పేజీలో పేరు వెతికే పని కూడా అట్టడుగున ఎక్కడో దాచావు. కంట్రోల్ ఎఫ్ నోటికి వచ్చు కాబట్టి నేను బతికాను, రానివాడి గతేమిటి? అంతా అయ్యాక మిగిలింది ఖాళీ. వరుసకూ వరుసకూ మధ్య ఎడ్లబండి పోయేంత ఖాళీ. నా మానిటర్ 18.5 అంగుళాలది, 1366 బై 768. నీ గాలికీ వెలుతురుకీ పైన ఇంత స్థలం పోతే, దరఖాస్తు ఫారం అడుగున సబ్మిట్ బటన్ కనిపించడం మానేసింది. ఫారమంతా నింపి 'ఇక అయిపోయింది' అనుకుని లేచి వెళ్లినవాళ్లు ఉన్నారు.

తాళం విషయంలో మాత్రం నీ మాట కొంత ఒప్పుకుంటాను. అడ్రసు పక్కన చిన్న తాళం బొమ్మ ఉండేది. డబ్బులు కట్టే ముందు తాళం ఉందా చూడు అని ఎంతమందికి చెప్పానో. తీసేశావని తెలిసి తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది: తాళం అంటే దారిలో ఎవరూ తొంగిచూడరని మాత్రమే, అవతల కూర్చున్నవాడు దొంగ కాదని కాదు. దొంగ సైట్లకూ తాళం ఉంటుంది. మా షాపులోనే ఒకాయన తాళం చూసి మరీ కరెంటు బిల్లు పేరుతో ఉన్న నకిలీ పేజీలో కట్టబోయాడు. అడ్రసులో స్పెల్లింగు తేడా చూసి ఆపాను. ఇప్పుడు గోడ మీద 1930 నంబరు పెద్దక్షరాలతో రాసి పెట్టాను, సైబర్ మోసం జరిగితే ఫోన్ చేయడానికి. సరే, తాళం తీశావు, బాగుంది. దాని చోట ఏం పెట్టావు? రెండు గీతలు, ఒక్కో గీత మీద ఒక్కో గుండు. షాపులో నలుగురిని అడిగాను. ఒకరు పూసల చట్రం అన్నారు. ఒకరు సౌండ్ తగ్గించేది అన్నారు. మిగతా ఇద్దరూ నవ్వారు. తప్పుగా అర్థమయ్యే బొమ్మ తీసి అసలు అర్థమే కాని బొమ్మ పెట్టడం, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది.

ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చాయ్ పోసి నా గోడు వెళ్లబోసుకున్నాను.

'మామా, గది పాత డిజైన్. ఇప్పుడంత క్లీన్ లుక్' అన్నాడు.

'క్లీన్ అంటే ఏందిరా?'

కొంచెంసేపు ఆలోచించాడు. 'అంటే... ఏదీ కనవడకుండ ఉండుడు' అన్నాడు.

మంచి పిల్లాడు, అబద్ధమాడడు. వాడే ఇంకో సంగతి చెప్పాడు. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక లెక్క తేల్చాడట: చెయ్యి చేరాల్సిన గురి ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే అంత ఆలస్యమవుతుందని. అప్పటికి మౌసే పుట్టలేదు. నా పట్టీ పెద్దది, చేతికి దగ్గరిది. నీ బాణం చిన్నది, పై మూలలో ఉంది. లెక్క తెలిసినవాళ్లు నీ దగ్గర లేకుండా ఉంటారా? ఉంటారు. తెలిసే చేశారంటే మరీ బాధ.

తర్వాత వాడు అడ్రస్ బార్‌లో ఏదో మంత్రం కొట్టాడు. 'ప్రయోగాలు' అని ఒక రహస్య పేజీ తెరుచుకుంది. పైన హెచ్చరిక: వీటిని ముట్టుకుంటే డేటా పోవచ్చు, జాగ్రత్త! అందులో వెతికి వెతికి ఒక దాన్ని ఆపేస్తే, దేవుడా, నా పట్టీ తిరిగొచ్చింది. నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి. కానీ ఆ పేరే మింగుడుపడలేదు. పదిహేనేళ్లు నేను రోజూ చేసినదేమో ప్రయోగమట, నువ్వు నిన్న రాత్రి చేసినదేమో సంప్రదాయమట!

మూడు నెలలు హాయిగా గడిచాయి. కొన్ని వారాలకో కొత్త వెర్షన్ వస్తుంది కదా నీకు, అలా వచ్చిన ఒక వెర్షన్ ఆ స్విచ్చునే తీసేసింది. పట్టీని కాదు, పట్టీని తిరిగి తెచ్చుకునే దారిని. దొంగ ఇంట్లో పడి సొమ్ము పట్టుకుపోవడం విన్నాను, తలుపు పట్టుకుపోవడం నీ దగ్గరే చూశాను.

పక్క బ్రౌజరుకు మారిపోవచ్చు కదా అంటారు. మారి చూశాను. సగం బ్రౌజర్ల లోపల ఒకటే ఇంజను, ఒకే పిండితో పోసిన అట్లు. మిగిలినవాళ్లు నిన్ను చూసి వాళ్ల మూలలూ అరగదీసుకుంటున్నారు. పైగా నా బుక్‌మార్కులు, పాస్‌వర్డులు అన్నీ నీ దగ్గర తాకట్టు.

మార్పు అంటే పడనివాణ్ని అనుకోకు. మా జిల్లా బండ్ల నంబర్ ప్లేట్ల మీద మొదట ఏపీ 24, తర్వాత టీఎస్ 05, 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ 05. 2016లో జిల్లానే మూడు ముక్కలయింది, సూర్యాపేట వాళ్లు, భువనగిరి వాళ్లు వేరే జిల్లాల వాళ్లయ్యారు. అన్నీ అలవాటు చేసుకున్నాం. కానీ ఇన్ని మారినా బ్రేకు తీసి డిక్కీలో పెట్టినవాడు లేడు.

మా ఊరి అంచున పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలం నాటిది. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా ఒక్కచోటే నిలబడి ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలకుండా ఆ స్తంభాలను ఎలా నిలబెట్టారోనని ఇప్పటికీ జనం వచ్చి చూస్తారు. పోయిన వారం కస్టమర్లు లేని పూట వెళ్లి ఆ నీడ ముందు చాలాసేపు కూర్చున్నాను. నువ్వు గుర్తొచ్చావు. నా షాపులో సూర్యుడిలా తిరిగేదేమీ లేదు. నేను అదే కుర్చీలో, అదే మౌసు పట్టుకుని పదిహేనేళ్లుగా కదలకుండా ఉన్నాను. నీ నీడలే ఊరంతా తిరుగుతున్నాయి.

నేనడిగేది పెద్దదేం కాదు. సెట్టింగ్స్‌లో, ప్రయోగాల్లో కాదు, మామూలు సెట్టింగ్స్‌లో ఒక గీత పెట్టు: 'డౌన్‌లోడ్లు కింద చూపించు'. గుండ్రం మూలలు నువ్వే ఉంచుకో.

ఇది రాస్తుండగానే పైన కుడి మూల ఒక బటన్ వచ్చింది. మొదట పచ్చగా ఉంది, తర్వాత నారింజ, ఇప్పుడు ఎర్రబడింది. అప్‌డేట్ పూర్తి కావాలంటే నిన్ను మూసి మళ్లీ తెరవాలట. ఇప్పుడు మాత్రం నొక్కను. కనగల్లు పెద్దామె వచ్చింది, మనవడికి స్కాలర్‌షిప్ కాగితం కావాలట. డౌన్‌లోడ్ నొక్కాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెడ చాచి, స్క్రీన్ అడుగుకేసి చూస్తూ నిలబడింది.

'కింద పడ్డదా, బిడ్డా?'

ఇంకా పడలేదమ్మా.

ఇట్లు,
కుడివైపు పై మూలకేసి మెడ తిప్పీ తిప్పీ పట్టేసిన
నల్లగొండ నెట్ సెంటర్ వాడు