రామగుండం భూకంపం ‘ముందే చెప్పారు’ అంటున్నవాళ్లకి

2025 ఏప్రిల్‌లో వాట్సాప్ గ్రూపుల్ని ఊపేసిన మెసేజ్ గుర్తుందిగా, రామగుండం దగ్గర భారీ భూకంపం రాబోతోంది, హైదరాబాద్, అమరావతి దాకా కదులుతుంది అని? మే 5న కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు భూమి కాస్త కదలగానే దానికి ‘చెప్పాం కదా’ అని తోక తగిలింది. మొన్న మా చిన్నాన్న కూడా పంపారు. ఆయనకి ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

‘చెప్పినట్టే జరిగింది.’ ఎక్కడ జరిగింది? చెప్పింది భారీ భూకంపం, వచ్చింది 3.8. అంతకు ఐదు నెలల ముందు, 2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగులో వచ్చింది 5.3. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి 32 రెట్లవుతుంది కాబట్టి, మే నెలదాని కంటే అది దాదాపు 180 రెట్లు పెద్దది. కుంభవృష్టి అని చెప్పి నాలుగు చినుకులు పడితే ‘చూశారా’ అంటే ఎలా?

‘చోటైనా కరెక్టుగా చెప్పారు.’ గోదావరి లోయలో భూమి లోపల పాత పగుళ్లున్నాయని తెలిసిందే, 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడదీసినప్పుడు (అంకె పెరిగితే ప్రమాదం ఎక్కువ) హైదరాబాద్‌ని జోన్ 2లో పెట్టినవాళ్లే ఈ లోయని జోన్ 3లో పెట్టారు. తెలంగాణలో భూకంపం ఎక్కడొస్తుందంటే ఎవరైనా అక్కడే వేలు పెడతారు. నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం వస్తుందని నేనూ చెప్పగలను.

‘ఆ జోస్యం చెప్పినవాళ్ల దగ్గర భూమి కదలికల్ని పట్టే సెన్సర్లు, డేటా ఉన్నాయి.’ ఉండనివ్వండి, ఇంట్లో చిన్న సెన్సర్ పెట్టుకుని గీతలు చూసుకోవడం మంచి సరదా, నేను దాన్ని వెక్కిరించను. కానీ అది వచ్చినదాన్ని రాస్తుంది, రాబోయేదాన్ని కాదు. పైగా వీధిలో లారీ వెళ్లినా, పక్కగదిలో వాషింగ్ మెషీన్ తిరిగినా అందులో గీత పడుతుంది, ఇక రామగుండం చుట్టూ బొగ్గు ఓపెన్‌కాస్టుల్లో బ్లాస్టింగులుంటాయి, అవీ పడతాయి. ఫోన్‌లో వచ్చే భూకంపం అలర్ట్ కూడా జోస్యం కాదు, భూకంపం మొదలయ్యాక ముందుగా చేరే అలల్ని పట్టుకుని, గట్టిగా ఊపే అలలు మన దాకా వచ్చేలోపు కొన్ని సెకన్లు ఇస్తుంది, అంతే. నిజంగా పరికరాలతో పట్టేద్దామని చూసినవాళ్లున్నారు: కాలిఫోర్నియా పార్క్‌ఫీల్డ్‌లో సగటున 22 ఏళ్లకోసారి 6 తీవ్రతతో వస్తోందని, 1993 లోపు మళ్లీ వస్తుందని అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలు లెక్కగట్టి, చుట్టూ పరికరాలు నింపి కాచుకు కూర్చున్నారు. వచ్చింది 2004లో. వచ్చే ముందు ఆ పరికరాల్లో నమ్మదగ్గ సూచన ఒక్కటీ కనపడలేదు.

గ్రహాలు ఒకే వరుసలోకి వచ్చాయనే వాదన మీద టైమ్ పెట్టను.

‘చైనాలో 1975లో చెప్పి జనాన్ని కాపాడారు కదా.’ నిజమే, హైచెంగ్‌లో. అక్కడ పెద్దది రాకముందు చిన్న చిన్న ప్రకంపనలు వరసపెట్టి వచ్చాయి, జనం భయపడి బయటికొచ్చారు. మరుసటి ఏడాది జులైలో అదే చైనాలో, తాంగ్‌షాన్‌లో అలాంటివేం లేకుండా రాత్రిపూట వచ్చి 2,40,000 మందికి పైగా పోయారు. ఫార్వర్డుల్లో 1975 ఉంటుంది, 1976 ఉండదు.