మన్ననూరు గేటు దగ్గర ఆగిన కథ

సస్పెన్స్ నవలల్లో వాతావరణం గురించి ఒక వ్యాసం చదివాను. పాత బంగళా, వాన, కరెంటు పోవడం ఉంటే అది దానంతట అదే వస్తుందని అందులో రాశారు. నేను ఒప్పుకోను. అవి ఏ ఊరికైనా సరిపోయే సామగ్రి. స్థలం పాత్రల దారికి అడ్డం పడాలి.

మా వైపు, హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో ఉన్న మన్ననూరు అటవీ చెక్‌పోస్టు సంగతి చూడండి. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది కాబట్టి అక్కడ శ్రీశైలం రోడ్డును రాత్రి 9 గంటలకు మూసి, ఉదయం 6కు తెరుస్తారు. ఒకసారి మేము పది నిమిషాలు ఆలస్యంగా చేరాం. అప్పటికే కడ్డీ దించేశారు. మా వెనక లారీలు, కార్లు ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. ఎవరో చక్రం కింద రాయి పెట్టి, పక్కనే దుప్పటి పరుచుకున్నారు. తరుముతున్నవాడు, పారిపోతున్నవాడు ఇద్దరూ తెల్లవారేదాకా ఆ వరుసలోనే ఉండాల్సివస్తే? చీకటిని వర్ణించనక్కర్లేదు, గడియారం చూపిస్తే చాలు.

అయినా భయానికి రాత్రే కావాలా? పాలమూరు పల్లెల్లో జనం వలస వెళ్లే కాలంలో వీధి పొడవునా తాళాలే. హత్యను చూసిన ఒకే ఒక్క మనిషి ముంబయి బస్సెక్కేసి ఉంటాడు. మిట్టమధ్యాహ్నం ఆ తలుపులు తడుతూ తిరిగే ఎస్సైని ఊహించుకోండి. వ్యాసకర్త మెచ్చిన బంగళాలో అయితే, నిజం చెప్పాలంటే, నాకు రెండో పేజీకే నిద్ర వచ్చేస్తుంది.