పోస్టు కవర్లో పేటెంట్ ఉండదు

కాశీబుగ్గలో జీడి కటింగ్ మిషన్లు బాగుచేసే ఒకతను నాకు చాలా ఏళ్లుగా తెలుసు. ఇచ్ఛాపురం వైపు వెళ్లినప్పుడల్లా అతని షెడ్డు దగ్గర ఆగి ఓ టీ తాగడం అలవాటు. మొన్న వెళ్తే, సింహాద్రి అప్పన్న పటం వెనక నుంచి ఒక కవరు తీసి చూపించాడు. పాలిథిన్ సంచిలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. పంపినవాడూ అతనే, అందుకున్నవాడూ అతనే. మీద పోస్టాఫీసు ముద్ర. ఇంతవరకూ చింపలేదు.

"నా పేటెంటు ఇందులో ఉంది మేస్టారూ" అన్నాడు.

ఎవరు చెప్పారయ్యా అంటే ఫోన్ తీశాడు. ఆ మెసేజ్ నాకూ మూడు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. సారాంశం ఇది: ఐడియా రాగానే కాగితం మీద రాసి మీకు మీరే రిజిస్టర్డ్ పోస్టు చేసుకోండి, అదే పేటెంట్. ఆఫీసులో పేటెంట్ తీసుకోవాలంటే లక్షలు కావాలి, అది కంపెనీల ఆట. వేరేవాళ్ల పేటెంట్‌లో 30 శాతం మారిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇంటర్నేషనల్ పేటెంట్ ఒక్కటి ఉంటే 150 దేశాల్లో మీదే రాజ్యం. మన పసుపు, వేప ఇవాళ అమెరికా పేటెంట్‌లో ఉన్నాయి. పేటెంట్ వచ్చిందంటే ప్రభుత్వం పరీక్షించి పాసు చేసినట్టే, ఇక కూర్చుని తినొచ్చు. చివర్లో జెండా బొమ్మ, ప్రతి భారతీయుడికీ పంపమని.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లల ప్రాజెక్టుల కోసం పేటెంట్ కాగితాలు చదవడం అప్పుడు మొదలైంది, ఇప్పటికీ పోలేదు. అందుకని ఒక్కో మాటా తీసుకుని చెబుతాను.

ముందు కవరు సంగతి. పేటెంట్ హక్కు పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్క. మనకు చెన్నై ఆఫీసు. ఒకే పనికి ఇద్దరు వస్తే ముందు దరఖాస్తు పెట్టినవాడికే దక్కుతుంది, ముందు ఆలోచించినవాడికి కాదు. పోనీ సాక్ష్యంగానైనా పనికొస్తుందా అంటే, ఖాళీ కవరు అంటించకుండా పోస్టు చేసుకుని, ఏడాది తర్వాత లోపల కాగితం పెట్టి అంటించొచ్చు. దాన్ని ఏ కోర్టు నమ్ముతుంది? పైగా ఈ మెసేజ్ ఇంకా రిజిస్టర్డ్ పోస్టు అంటోంది, తపాలా శాఖ దాన్ని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది కూడా.

అసలు తమాషా ఏమిటంటే, పేటెంట్ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం 'తెరిచి ఉండటం'. పాతకాలం ఇంగ్లండులో రాజు అందరూ చదివేలా తెరిచి ఇచ్చే ఉత్తరానికి ఆ పేరు. ఇప్పటి చట్టం లోపలా అదే బేరం ఉంది. నీ కిటుకు మొత్తం, ఆ పని తెలిసినవాడు చదివి చేసుకోగలిగేంత వివరంగా లోకానికి చెప్పు, బదులుగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఇతరులను ఆపే హక్కు తీసుకో. దరఖాస్తు పెట్టిన 18 నెలలకు మామూలుగా అది ప్రచురిస్తారు. అంటించి దాచిన కవరు ఈ బేరానికి సరిగ్గా ఎదురు.

మా వాడి విషయంలో కవరు కంటే పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. జీడిపిక్కలన్నీ ఒక సైజులో ఉండవు. పెద్ద పిక్కకు సరిపోయిన బ్లేడు చిన్నదాని మీద పడితే పప్పు గుండుగా రాదు, బద్దలైపోతుంది. ధర అక్కడే పడిపోతుంది. అతను రెండు వంపు బ్లేడ్ల మధ్య ఒక చిన్న కామ్ (తిప్పితే పక్కనున్నదాన్ని నెట్టే వంపు ముక్క) పెట్టి, బ్లేడు విప్పకుండానే వేలితో సందు మార్చుకునేలా చేశాడు. మంచి పని. చేసిన వారానికే వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు! లోకానికి ముందే తెలిసిపోయినదాన్ని కొత్తది అనరు. మన చట్టంలో మినహాయింపు చాలా చిన్నది. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌లో చూపించడం, పండితుల సభలో పేపరు చదవడం లాంటివైతే 12 నెలల్లోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. సొంత ఛానల్ అందులోకి రాదు. ఉన్న ఊరట ఒకటే. ఆ వీడియో ఉండగా అదే కామ్‌ను ఇంకొకడు తన పేటెంట్ అని నిలబెట్టుకోవడం కూడా కష్టమే.

లక్షల మాటకొస్తే, అందులో సగం నిజముంది. ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. పరీక్షించమని అడగడానికి 4,000. పేటెంట్ వచ్చాక దాన్ని నిలుపుకోవడానికి, దరఖాస్తు తేదీ నుంచి లెక్కేసి మూడో ఏటి నుంచి ఏటా కట్టాలి, మొదట్లో 800, చివరి ఐదేళ్లు ఏటికి 8,000. పని పూర్తికాకపోతే ముందు ప్రొవిజనల్ దరఖాస్తు పెట్టి తేదీ పట్టేసుకుని, 12 నెలల్లో పూర్తి వివరం ఇవ్వొచ్చు. ఖర్చయ్యేది ఆ కాగితాలు రాసిపెట్టే ఏజెంటుకి. సొంతంగా రాసుకోవచ్చని చట్టం అంటుంది కానీ, చేత్తో రాసిన దస్తావేజులా ఒక మాట తేడా వస్తే గట్టు మొత్తం పోతుంది. స్టార్టప్‌ల కోసం ఏజెంటు ఫీజు ప్రభుత్వమే భరించే పథకం కూడా ఉంది. ఇక చిన్న వస్తువుకి ఇవ్వరనుకుంటే, 1856లో మన దేశంలో మొట్టమొదట ఈ హక్కు కోసం కలకత్తాలో డిపెన్నింగ్ అనే ఇంజినీరు పెట్టిన దరఖాస్తు దేనికో తెలుసా? పంకా లాగే యంత్రానికి.

30 శాతం మాట చదివితే నాకు నవ్వొస్తుంది. దేనిలో 30 శాతం? బరువులోనా, బోల్టుల్లోనా? చట్టంలో అలాంటి లెక్క ఎక్కడా లేదు. పేటెంట్ కాగితం చివర క్లెయిములని నంబర్లు వేసిన వాక్యాలుంటాయి. హక్కు వాటికే. ముందున్న బొమ్మలు, వర్ణన అంతా ఆ వాక్యాలను అర్థం చేసుకోవడానికి. పొలానికి సర్వే నంబరు, హద్దులు ఎలాగో, పేటెంట్‌కి క్లెయిము అలాగ. 'రెండు వంపు బ్లేడ్లు, వాటి సందు మార్చే కామ్, తొక్కే పెడల్' అని క్లెయిము ఉందనుకోండి. నువ్వు దానికి మోటారు తగిలించి, బాడీ మార్చి, రంగేసి, చూడ్డానికి 90 శాతం కొత్త మిషన్ చేసినా ఆ మూడూ లోపల ఉంటే హద్దు దాటినట్టే. కామ్ తీసేసి నిజంగా వేరే దారిలో ఆ పని చేస్తే, పైకి అచ్చం అలాగే కనపడినా తప్పించుకోవచ్చు.

దీనికి జేమ్స్ వాట్ కథ కంటే మంచి పాఠం లేదు. ఆవిరి ఇంజనులో ఆవిరిని సిలిండర్‌లో కాకుండా పక్కన వేరే పాత్రలో చల్లబరచడం వాట్ కిటుకు, పేటెంట్ 1769. పార్లమెంటు దాన్ని 1800 దాకా పొడిగించింది. ఎడ్వర్డ్ బుల్ అనే ఇంజినీరు సిలిండర్‌నే తలకిందులు చేసి, పైనుండే పెద్ద దూలం తీసేసి కొత్త ఇంజను కట్టాడు. చూస్తే పోలికే లేదు. కానీ వేరే పాత్రలో చల్లబరచడం అలాగే ఉంది. కోర్టు ఆపించింది. హార్న్‌బ్లోయర్ అనే ఇంకో ఇంజినీరు కేసులోనూ 1799లో తీర్పు వాట్ వైపే. ఇదే వాట్ ఇంకో చోట తనే ఇరుక్కున్నాడు. ఇంజను ఊపుతో చక్రం తిప్పాలంటే క్రాంక్ అనే వంకర కడ్డీ కావాలి, దాని మీద 1780లో పికార్డ్ అనే అతను పేటెంట్ తీసుకున్నాడు. క్రాంక్‌ను కాస్త అటూ ఇటూ వంచి శాతాలు లెక్కపెట్టలేదు వాట్. ఒక పళ్లచక్రం చుట్టూ ఇంకో పళ్లచక్రం తిరిగే వేరే ఏర్పాటే 1781లో పేటెంట్ చేయించాడు.

రైట్ సోదరుల 1906 పేటెంట్‌నీ చాలామంది విమానం మీద అనుకుంటారు. కాదు, గాల్లో అటూ ఇటూ ఒరగకుండా నిలబెట్టే పద్ధతి మీద. వాళ్లు రెక్క చివరలు మెలితిప్పేవారు. కర్టిస్ అనే ఇంకో విమాన తయారీదారు మెలితిప్పకుండా రెక్కలకు విడిగా చిన్న పలకలు పెట్టాడు. 1914లో అప్పీలు కోర్టు కూడా అది రైట్‌ల హద్దులోదే అంది.

150 దేశాల మాట. ప్రపంచ పేటెంట్ అనేదే లేదు. దేశాల మధ్య పీసీటీ (పేటెంట్ సహకార ఒప్పందం) అని ఒకటి ఉంది, 1998 డిసెంబరులో మనమూ చేరాం. ఆ దారిలో ఒక్క దరఖాస్తు పెడితే దేశదేశాలకూ ఒకే తేదీ దొరుకుతుంది, ఆలోచించుకోవడానికి రెండున్నరేళ్లు టైము దొరుకుతుంది. ఆ తర్వాత ఏ దేశంలో కావాలంటే అక్కడ విడిగా ఫీజు, విడిగా పరీక్ష. పేటెంట్ ఇచ్చేది ఆ దేశమే. దీన్ని మనవైపు నుంచి కూడా చూడాలి. అమెరికాలో మాత్రమే తీసుకుని ఇక్కడ తీసుకోని పేటెంట్‌లోని పద్ధతిని పలాసలో ఎవరైనా వాడుకోవచ్చు, ఆ సరుకు అమెరికాకు పంపనంతవరకు. గడువు తీరిన పేటెంట్లయితే ఇంకా మేలు. ప్లాస్టిక్ తీగ కరిగించి పొరలుపొరలుగా బొమ్మ పోసే త్రీడీ ప్రింటర్ మీద స్కాట్ క్రంప్ 1989లో వేసిన పేటెంట్ 2009లో తీరిపోయింది. తర్వాతే అవి చవకై మన కాలేజీ ల్యాబుల దాకా వచ్చాయి.

పసుపు మాటకి జనం ఎక్కువగా ఆవేశపడతారు, మెసేజ్ పాకడానికి కారణమూ అదేననుకుంటాను. పసుపుతో గాయం మాన్పడం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది నిజం. కత్తిపీట తెగితే మన అమ్మలు ముందు పసుపు డబ్బా కోసమే చూస్తారు కదా. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచి 32 ఆధారాలు పెట్టి సవాలు చేసింది, 1997లో ఆ పేటెంట్ రద్దయింది. వేపనూనెతో బూజు తెగుళ్లను ఆపే పద్ధతి మీద యూరప్ ఇచ్చింది 2000లో రద్దయి, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. అంటే మెసేజ్‌లో మొదటి సగం ఉంచి రెండో సగం కోసేశారు. గెలిచిన కేసును ఓడిపోయినట్టు చెప్పుకుని ఏడవడం ఏం దేశభక్తో నాకర్థం కాదు.

మన చట్టంలోనూ సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ లేదు. పొందూరులో పత్తి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ వాడతారు. చిన్న పళ్ల వరుస ఉన్న ఆ ఎముకతో దువ్వితే పీచు విడివడుతుంది. దాన్ని ఏ కంపెనీ పేటెంట్ చేసుకోలేదు, పొందూరు వాళ్లూ చేసుకోలేరు. ఆ దవడ చేసే పని చేసే కొత్త యంత్రం ఎవరైనా కడితే, ఆ యంత్రానికి అడగొచ్చు. బొబ్బిలి వీణకు పేటెంట్ ఉందంటారు కొందరు, అది భౌగోళిక గుర్తింపు, వేరే చట్టం. ఆ ప్రాంతపు పనివాళ్లందరికీ కలిపి పేరు మీద హక్కు, తయారీ కిటుకు మీద కాదు.

చివరిది, ప్రభుత్వం పాసు చేయడం. పేటెంట్ ఆఫీసులో మిషన్ ఆన్ చేసి చూడరు. కొత్తదా, ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాదా, పరిశ్రమలో పనికొస్తుందా అని కాగితం మీద చూస్తారు. పెట్రోలూ కరెంటూ లేకుండా అయస్కాంతాలతో ఎప్పటికీ తిరిగే మోటారు లాంటివి ప్రకృతి సూత్రాలకు విరుద్ధమని తీసేస్తారు, అంతే. ఇక్కడే ఇంకో మోసం. దరఖాస్తు ప్రచురితమైతే చాలు 'పేటెంట్ వచ్చింది' అని కాలేజీల గేటు ముందు ఫ్లెక్సీలు లేస్తున్నాయి. ప్రచురణ అంటే పరీక్ష పూర్తయినట్టు కాదు. ఆకారానికి ఇచ్చే డిజైన్ రిజిస్ట్రేషన్‌నీ 'డిజైన్ పేటెంట్' అని బయోడేటాలో రాసుకుంటున్నారు. పేటెంట్ లేని వస్తువును పేటెంట్ ఉన్నదిగా చెప్పుకుంటే 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

కూర్చుని తినడం గురించి ఒక్క మాట. 1904లో జగదీశ్‌చంద్ర బోస్‌కు రేడియో తరంగాలను పట్టే పరికరం మీద అమెరికా పేటెంట్ వచ్చింది, అదీ స్నేహితుల బలవంతం మీద. ఆయన దాని మీద డబ్బు చేసుకోలేదు. పేటెంట్ ఇతరులను ఆపే హక్కు మాత్రమే. కొనేవాడిని తెచ్చిపెట్టదు.

ఇదంతా షెడ్డులో కూర్చుని చెబితే అతను సగం విన్నాడు, సగం లేతు మీద పని చేసుకున్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, "అయితే ఈ కవరు ఏటి సెయ్యమంటారు?" అన్నాడు.

"చింపి చూడు, బొమ్మ ఏమైనా పనికొస్తుందేమో" అన్నాను.

చింపలేదు. మూలన టార్పాలిన్ కప్పి ఉన్నదాని దగ్గరికి నడిచాడు. పిక్క సైజు దానంతటదే పట్టుకునేలా ఇంకొకటి చేస్తున్నాడట. టార్పాలిన్ అంచు పట్టుకుని, ఎత్తబోతూ ఆగి నా చేతి వైపు చూశాడు.

"ముందు ఆ ఫోను జేబులో పెట్టండి మేస్టారూ."